టెల్డూ అనే మొక్క

కోవిడ్ ఆంక్షలు ఎత్తేశాక వచ్చిన మొదటి చలికాలంలో నన్ను ఒక ప్రదర్శన పనికి వేశారు. అప్పటికి నేను దోహాలోని ఒక హెర్బేరియంలో సీనియర్ క్యూరేటర్‌ని. హెర్బేరియం అంటే మొక్కల్ని నొక్కి, ఎండబెట్టి, మందపాటి కాగితాలకు అంటించి బీరువాల్లో దాచే చోటు. ఒక్కో కాగితాన్ని షీటు అంటాం. కాకినాడలో మా బావమరిది మాత్రం, "మా బావ దుబాయ్‌లో ఎండుగడ్డికి కాపలా" అని నన్ను అందరికీ పరిచయం చేసేవాడు. దుబాయ్ కాదు దోహా అని దిద్ది దిద్ది విసిగిపోయాను. ఎండుగడ్డి సంగతి దిద్దలేదు, అందులో అబద్ధమేమీ లేదు కనక.

ప్రదర్శన పంతొమ్మిదో శతాబ్దపు మొక్కల అన్వేషకుడొకాయన జీవితం మీద. ఆయన పేరు ఇక్కడ అనవసరం. నేనూ మా డ్రైవర్ ఖాజా ఆయన్ని దొర అనుకునేవాళ్లం. మద్రాసుకు డాక్టరుగా వచ్చాడు. సిపాయిల నాడి చూడమని పంపితే ఆయన విశాఖ వెనక కొండలెక్కి, దొరికిన ప్రతి మొక్కనీ వేళ్లతో సహా పీకి అట్టల మధ్య నొక్కాడు. కొన్నేళ్లకు ఓడెక్కి బస్రా బయలుదేరాడు. దారిలో ఓడ ఆగిన ప్రతిచోటా ఒడ్డుకు దిగి ఏరుకున్నాడు. చివరికి జ్వరం తగిలి ఇల్లు చేరకుండానే పోయాడు. మొక్కల పెట్టెలు మాత్రం యూరప్ చేరాయి. అలా చేరినవాటిలో ఒక్క షీటు ఖతర్ తీరానిది. చిక్కుడు కుటుంబంలోని ఒక చిన్న మొక్క, కత్తిరించిన గోళ్లలా వంకర తిరిగిన కాయలు. ఈ నేల మీద ఎవరైనా సేకరించి దాచిన మొక్కల్లో, మాకు తెలిసినంతవరకు, అదే మొదటిది.

ఆ షీటును అరువు మీద దోహా తెప్పించింది మా విభాగాధిపతి డాక్టర్ ఆమ్నా. ఖతరీ ఆవిడ, నాకంటే వయసులో చాలా చిన్న, హోదాలో పెద్ద. ఈ ప్రదర్శన ఆవిడ స్వయంగా తలపెట్టిన మొదటి పని. షీటు మీద రెండు కాగితాలున్నాయి. సిరాతో చోటు పేరు రాసిన పెద్ద లేబుల్ ఒకటి. దాని కింద ఒక అంచుకు మాత్రం జిగురు రాసి అంటించిన చిన్న చీటీ, దాని మీద పెన్సిల్‌తో మొక్క స్థానిక నామం. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న ఆ పేరును మేమంతా టెల్డూ అని చదివాం. అరబీలో అలాంటి మాట ఎవరూ వినలేదు. ఆమ్నా తన అమ్మమ్మను అడిగింది, ఎడారి ఎరిగిన పెద్దల్ని అడిగింది. చివరికి ఇది మావాళ్లు మరిచిపోయిన మాట అని నిర్ణయించుకుని, కేటలాగులో అలాగే రాసింది. పోయిన మాట ఒకటి ఇంటికి తిరిగొచ్చిందని ఆవిడకు ఎంత సంబరమో, మీటింగుల్లో ఆ మాట పలికే తీరులోనే తెలిసేది.

షీటు పక్కన పెట్టడానికి బతికున్న మొక్క ఫొటో కావాలి. వానలు పడగానే ఖాజా, నేను దోహాకు పడమటున్న అల్ షహానియా వైపు వెళ్లాం. అక్కడి పల్లపు నేలల్లో వాన నీళ్లు చేరి కొన్ని వారాల పాటు పచ్చగా ఉంటుంది. ఒంటెల ఫారం కంచె పక్కనే మొక్క దొరికింది. నేను బోర్లా పడుకుని ఫొటోలు తీస్తుంటే, ఒంటెలను తోలుకొచ్చిన మనిషి మా మాటలు విని ఆగాడు.

"మీరు తెలుగోరేటి బాబూ?" అన్నాడు. పేరు అప్పలరాజు, శ్రీకాకుళం దగ్గరి పల్లె.

మొక్కలు సేకరించేవాళ్లకు ఒక ఆచారం ఉంది. మొక్క దొరికిన చోట ఎవరుంటే వాళ్లను దాని పేరు అడగాలి. వాళ్లు చెప్పింది చెవికి ఎలా వినబడితే అలా అక్కడికక్కడే రాసుకోవాలి, దిద్దకూడదు. రాయడం కూడా పెన్సిల్‌తోనే, తడి తగిలితే సిరా చెరిగిపోతుంది. నేను చీటీ, పెన్సిల్ తీసి, దీన్నేమంటారని అప్పలరాజును అడిగాను.

"తెల్దు బాబూ. ఒంటిలు తింతన్నాయి, నాను సూస్తన్నాను, అంతే. సదువుకున్నోరు, మీరే సెప్పాల."

చేతికి అలవాటైన పని కదా, అప్పటికే చీటీ మీద 'తె' రాసేశాను. ఆ అక్షరం చూసి చెయ్యి ఆగిపోయింది.

ఇంగ్లీషులో త, ట రెంటికీ అక్షరం ఒకటే, ద, డ లకూ అంతే. అన్ని వారాలుగా దొరగారి చీటీని నేను కూడా అందరిలాగే గట్టిగా, టెల్డూ అని చదువుతున్నాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వింటున్న మాట కళ్లెదుట ఉంటే, దాన్ని అరబీ నిఘంటువుల్లో వెతికాను. దొర ఎవరినో ఇదేమిటని అడిగాడు. ఆ మనిషి తెల్దు అన్నాడు. దొర శ్రద్ధగా అదే పేరని రాసుకున్నాడు. ఇసకలో కూర్చుని కడుపుబ్బ నవ్వాను.

కారెక్కాక ఖాజాకు చెప్పాను. అతనిది నిజామాబాద్, ఇంట్లో దక్కనీ ఉర్దూ, బయట తెలుగు. "మా దిక్కు తెల్వదు అంటం సార్. గీ తెల్దు మాది గాదు, మీ దిక్కుదే. ఇజ్జత్ పోతే మీదే పోతది," అన్నాడు. అల్ హిలాల్‌లో మా ఇంటికి చేరేసరికి నవ్వు పోయి దిగులు పట్టుకుంది.

ఎందుకంటే చీటీలో ఉన్నది తెలుగైతే, అది విశాఖ కొండల నాటి మొక్కల కట్టలోంచి పొరపాటున ఈ షీటు మీదికి వచ్చి ఉండాలి. పాత సేకరణల్లో కాగితాలు తారుమారు కావడం మామూలే. చీటీ మారిందంటే లేబుల్ మారలేదని ఎవరు చెప్పగలరు? అప్పుడిక ఆ మొక్క ఖతర్‌దనే మాటకు ఆధారం లేదు. ప్రదర్శనలో మొదటి అద్దాల పెట్టె ఖాళీ. కేటలాగు అచ్చయిపోయింది, ఆహ్వానాలు వెళ్లిపోయాయి. పైగా నాకు అరవై దాటాయి, నా కాంట్రాక్టు ఏటేటా పొడిగించే సంతకం ఆమ్నాదే. "ఆ తెరిచేదేదో తెరవనివ్వండి, తర్వాత చెబితే మీ మొక్క పారిపోతుందా?" అంది మా ఆవిడ. ఆ సలహా నాకు కాస్త నచ్చిందని దాచుకోను.

మర్నాడు పొద్దున్నే ఆమ్నా గదికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ ఆ మాటను నాచేత మళ్లీ మళ్లీ పలికించుకుంది, తనూ పలికింది. ఏ అధికారి అయినా ఇలాంటి చోట, ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావని అడగడం సహజం. నేను దానికి సిద్ధపడే వెళ్లాను. ఆవిడ మాత్రం, తను మొక్క పేరు అడిగిన రోజు వాళ్ల అమ్మమ్మ "మా అద్రీ" అందని చెప్పింది. అరబీలో తెలియదని అర్థం. దొరకూ తనకూ వచ్చిన జవాబు ఒకటేననీ, ఇద్దరూ వినిపించుకోలేదనీ అంది. "యల్లా, షీటు చూద్దాం పదండి," అని లేచింది.

అరువు షీటును ఇష్టమొచ్చినట్టు ముట్టుకోకూడదు. ఇచ్చినవాళ్లకు ఉత్తరం రాసి, చీటీ వదులుగా ఉన్న అంచు ఎత్తి చూడటానికి అనుమతి తెప్పించాం. పాతకాలంలో పురుగు పట్టకుండా మొక్కలకు పాదరసపు విషం పూసేవారు కనక తొడుగులు వేసుకుని భూతద్దం కింద పెట్టాం. మేం వెతికింది మరక కోసం. పచ్చి మొక్కను నొక్కినప్పుడు దాని రసం పక్కనున్న కాగితానికి దిగి, మొక్క ఆకారంలోనే గోధుమరంగు మరక అవుతుంది. చీటీ వెనక వైపు మరక కనబడింది, వంకర తిరిగిన గోరులాగా. పక్కన ఇంకోటి, వాటి మధ్య సన్నటి కాడ. కొలత పెట్టి చూస్తే షీటు మీది కాయలకు, వాటి మధ్య ఎడానికి సరిగ్గా సరిపోయింది. ముందువైపుకు ఊరిన రసం పెన్సిల్ గీత మీదుగా పాకింది. అంటే ముందు రాశారు, తర్వాత పచ్చి మొక్కతో కలిపి నొక్కారు.

చీటీ మారలేదు. ఈ ఎడారి మొక్క విశాఖ కొండల్లో మొలవదు కనక చీటీ అక్కడిది కాదు, లేబుల్‌ను అనుమానించే కారణమూ పోయింది. మొక్క ఖతర్‌దే. ఆ మాట కూడా ఈ తీరాన పలికిందే. అలాగైతే ఆ రోజు దొర పక్కన తెలుగు మనిషి ఒకడు నిలబడి ఉండాలి. విశాఖ కొండల నుంచి అట్టలూ కాగితాలూ మోస్తూ ఓడెక్కి వచ్చినవాడు కావచ్చు. దొర రాసుకున్న వాటిలో ఎక్కడా అతని ఊసు లేదు. ప్రదర్శనకు మేం సిద్ధం చేసిన బోర్డు మీద కూడా దొర ఒంటరిగా తిరిగాడనే రాసి ఉంది.

ఆమ్నా ఆ బోర్డు తీయించింది. కేటలాగులోని తన పేరా తప్పని తనే ఒక కాగితం మీద రాసి, దాన్ని ప్రతి పుస్తకంలో పెట్టించింది. తనకు అంత ఇష్టమైన మాటను అలా వదులుకోవడం నేను కళ్లారా చూశాను. నా ఉద్యోగ జీవితంలో అధికారులు చాలామంది తగిలారు. ఆవిడ కింద పనిచేసి రిటైర్ కావడం నా భాగ్యం.

ప్రారంభోత్సవం తర్వాతి శుక్రవారం ఖాజా వెళ్లి అప్పలరాజును తీసుకొచ్చాడు. మొదటి అద్దాల పెట్టె మీద కొత్త బోర్డులో అరబీ, ఇంగ్లీషుల కింద తెలుగు అక్షరాలున్నాయి. తెలుగు పెట్టాలని పట్టుబట్టింది ఆమ్నాయే, రాసిచ్చింది నేను. అప్పలరాజు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. "మొక్క స్థానిక నామం: తెల్దు. ఈ జవాబిచ్చినవాడు దొర వెంట ఉన్న ఒక తెలుగువాడు. అతని పేరు తెలియదు."

"అదేటి బాబూ, నానన్న మాటే గోడకెక్కించేసినారు," అని నవ్వాడు. తర్వాత అతని పేరెవరికీ తెలీదా అని అడిగాడు. లేదన్నాను.

మా వృత్తిలో తెలియని మొక్కకు తోచిన పేరు పెట్టేస్తే, దాన్ని సరిచేయడానికి ఒక్కోసారి తరాలు పడుతుంది. ఆ మనిషి నోటికొచ్చిన పేరొకటి చెప్పి ఉంటే మేము ఈ రోజుకీ దాన్నే నమ్మేవాళ్లం, అతనొకడు ఉన్నాడనే మాకు తెలిసేది కాదు. తెలియక తెల్దు అన్నాడు, అందుకే దొరికాడు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, పోల్చుకోలేని మొక్క వస్తే షీటు మీద తెలియదు అని రాసి, కింద నా పేరుతో సంతకం పెట్టాను.