పావురాల చైనులో స్మార్ట్ కాంట్రాక్టు

బెంగళూరులో బ్లాక్‌చెయిన్ పని చేసేవాళ్ళు వీధికొకరు దొరుకుతారు. ఆ పనికోసం ఆదివారం పూట బళేపేటలో ఒక డాబా ఎక్కి, నెత్తిన తువ్వాలు వేసుకుని, ఉత్తరం దిక్కు ఆకాశాన్ని మెడ పట్టేసేదాకా చూసినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఇందులో కోతలు లేవు. ముందు రాబోయేదాంట్లో ఉంటే ఉండొచ్చు, అవి మీరే ఏరుకోండి.

మా కంపెనీ కుందలహళ్ళిలో ఒక టిఫిన్ సెంటరు పైన ఉంటుంది. కింద పెనం మీద దోసె తిరగేస్తే పైన మా కీబోర్డులు వేడెక్కుతాయి. ఎవరికి ఎలాంటి చైను కావాలంటే అలాంటిది కట్టివ్వడం మా పని. మా ఖాతాదారుల్లో నాకు అందరికంటే ఇష్టమైనది పావురాల రేసుల క్లబ్బు. దాన్ని పట్టుకొచ్చింది కూడా నేనే. మా ఆవిడ గాజులు కొనడానికి బళేపేటలో ఒక హోల్‌సేల్ దుకాణానికి వెళ్ళింది. వెంట వెళ్ళిన నేను నోరు కట్టుకుని కూర్చోలేక దుకాణం పెద్దాయనకు బ్లాక్‌చెయిన్ గురించి చెప్పాను. అందులో ఒకసారి రాసినదాన్ని బ్రహ్మదేవుడు దిగొచ్చినా చెరపలేడన్నాను. ఆయన చేతిలో ఉన్న గాజుల పెట్టె కింద పెట్టాడు.

“పావురాల టైము రాయొచ్చునా అప్పా అందులో?”

“పావురం తుమ్మినా రాయొచ్చన్నా.”

ఆ దుకాణం పైన ఇల్లు, ఇంటి పైన డాబా, డాబా మీద పావురాల గూడు. క్లబ్బువాళ్ళు తమ పావురాలన్నిటినీ బండిలో కర్నూలు తీసుకెళ్ళి తెల్లవారగానే ఒక్కసారి వదులుతారు. ఏ పక్షి ఇంటికి అది ఎగిరి వస్తుంది. కాలికి చిప్ ఉన్న రింగు ఉంటుంది. గూటి గుమ్మంలో ఒక పలక ఉంటుంది. పక్షి లోపలికొచ్చి ఆ పలక మీద కాలు పెట్టగానే టైము మా చైనులో పడుతుంది. ప్రతి సభ్యుడి ఇంట్లోనూ ఒక చిన్న కంప్యూటరు, అందులో ఆ చైను నకలు. ఒకడు మార్చుకుంటే మిగతావాళ్ళ నకళ్ళు ఒప్పుకోవు. పెద్దాయన దగ్గర ఒకప్పుడున్న పావురమైతే ఎంత వేగంగా వచ్చేదంటే, అది గింజలు తిని, ఒక కునుకు తీశాక, దాని నీడ వచ్చి చేరేది. ఈ మాట ఆయన అనలేదు, నేను అంటున్నాను.

టైముతో తగువు లేదు. తగువంతా లెక్కతో. సభ్యుల ఇళ్ళు తలోచోట ఉంటాయి. దేవనహళ్ళి దారిలోనే తగులుతుంది కాబట్టి అక్కడి పక్షి ముందు దిగుతుంది, బళేపేట పక్షి ఇంకా ఊరంతా దాటి రావాలి. అందుకని ముందు దిగినవాళ్ళది గెలుపు కాదు. దూరాన్ని టైముతో భాగిస్తే వచ్చే వేగం ఎవరిది ఎక్కువైతే వాళ్ళది. కిందటి సీజనులో పెద్దాయన పక్షికీ, దేవనహళ్ళిలో ఉండే ఆయన బావమరిది పక్షికీ వేగాలు అచ్చంగా సమానమొచ్చాయి. అంటే చుక్క తరవాత రెండంకెల దాకా. మా చైను అక్కడితో ఆపేస్తుంది. సమానమైతే ముందు దిగినదే గెలుపన్నాడు బావమరిది. ఇంకో రెండంకెలు లాగి చూడండి, నాది ఎక్కువుంటుందన్నాడు పెద్దాయన. ఎప్పుడూ రెండంకెలేగదా, ఈరోజెందుకు లాగాలన్నాడు బావమరిది. ఆరోజు నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ప్రతి ఆదివారం అక్క చేతి సంగటి తినడానికి దేవనహళ్ళి నుంచి వచ్చే మనిషి ఆ ఇంటి మెట్లు ఎక్కడం మానేశాడు.

పెద్దాయన భార్యను నేను వదినా అని పిలుస్తాను. ఒకరోజు దుకాణంలో ఆవిడ నన్ను పక్కకు పిలిచింది.

“నీ మిషను ఎవురు గెలిచిరో చెప్పేది కాదప్పా. ఇద్దురూ నమ్మేటట్ల చెప్పాల. మా తమ్ముడు ఈ ఇంట్లో అన్నం తిని సంవత్సరమాయె.”

“ఈ సీజనుకే చేసి పెడతా వదినా,” అన్నాను. అప్పటికి ఎలా చెయ్యాలో నాకు అణువంత కూడా తెలియదు. అయినా ఆ మాట నా నోట్లోంచి ఎంత ధీమాగా వచ్చిందంటే నేనే నమ్మేశాను.

మార్చడం సులువు కాదు. ఆ లెక్క చైను పొట్టలోనే బిగించి ఉంది. దాన్ని మార్చాలంటే సభ్యులందరి ఇళ్ళల్లో కంప్యూటర్లు ఒకేసారి ఆపి కొత్త సాఫ్ట్‌వేరు వెయ్యాలి. క్లబ్బు చూస్తే ప్రతి మీటింగులో ఒక కొత్త నియమం పెడుతుంది. అందరం ఆపుదాం అనుకున్న రోజున ఒకాయన ఇంటికి తాళం వేసి తిరుపతి వెళ్ళిపోతాడు. అందుకని చైనుకు స్మార్ట్ కాంట్రాక్టుల మాడ్యూల్ తగిలిద్దామని తేల్చాం. అది ఉంటే నియమాన్ని విడిగా చిన్న ప్రోగ్రాముగా రాసి పైనుంచి ఎక్కించవచ్చు. నియమం మారితే ఆ చిన్నది మారిస్తే చాలు. ఎవరి తిరుపతి ప్రయాణం వాళ్ళది.

ఈ పనిలో నాకు తోడు వరంగల్ వైపు నుంచి వచ్చిన అమ్మాయి. నా మాటల్లో ఎంత తీసేస్తే నిజం మిగులుతుందో ఆమెకు బాగా తెలుసు. మాడ్యూల్ అంటే కుందలహళ్ళిలో కొత్తగా అద్దెకు దిగేవాడి లాంటిదని నేను ఆమెకు గంభీరంగా బోధించాను. వాడికి ఒక గది ఇవ్వాలి, తాళంచెవి ఇవ్వాలి, ఎవరిని ఏం అడగొచ్చో ఏం అడగకూడదో ఓనరు ముందే చెప్పాలి. గది అంటే వాడి డేటా దాచుకునే చోటు. అన్నీ ఇచ్చాం. బిల్డ్ అయింది. చైను స్టార్ట్ చేస్తే లేవలేదు. మళ్ళీ కొట్టాం, మళ్ళీ పడుకుంది.

“సార్, పొద్దుగాల చైను లేశేటప్పుడు ఏ మాడ్యూల్ ఎన్కాల ఏది లేవాల్నో లైను ఉంటది గద. ఆ లైన్ల మీ కిరాయిదారు లేడు,” అంది తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

“నేను పెట్టానే!”

“మీరు చెప్పిన్రు సార్. పెట్టలే.”

ఆ వరసలో దాన్ని నిలబెట్టగానే చైను లేచి కూర్చుంది. ఇద్దరం కేకలేశాం. టిఫిన్ సెంటరాయన కింద నుంచి గరిటతో గోడ మీద కొట్టాడు. అది చప్పట్లేనని నేను ఇప్పటికీ అంటాను.

ఇక నడుస్తున్న చైనులోకి దీన్ని తీసుకుపోవడానికి అందరి కంప్యూటర్లనూ ఆఖరుగా ఇంకొక్కమాటు ఒకేసారి ఆపాలి. పెద్దాయనే ఒక్కొక్కరికీ ఫోను చేసి పురమాయించాడు, ఒక్కరికి తప్ప. ఆ ఒక్కరికీ వదిన చేసింది. అనుకున్న బ్లాకు దగ్గర, అంటే చైనులో ముందే ఒప్పుకున్న పుట దగ్గర, ఊరంతటా ఉన్న ఆ చిన్న కంప్యూటర్లన్నీ ఆగాయి. ఒకటి లేచింది, ఇంకోటి లేచింది, మల్లేశ్వరంలోది లేచింది, దేవనహళ్ళిలోది లేచింది, చైను ఆగినచోటు నుంచే మళ్ళీ కదిలింది. నా ఒంటి మీద రోమాలు ఎంతలా నిక్కబొడుచుకున్నాయంటే చొక్కా రెండంగుళాలు పైకి లేచింది.

ఆ ఊపులోనే కాంట్రాక్టు రాసి ఎక్కించబోయాను. చైను దాన్ని గుమ్మంలోనే ఆపేసింది.

“చుక్కల లెక్క పెట్టిన్రా సార్ అండ్ల? దశాంశాలుంటే అది తీస్కోదు.”

“ఎందుకు తీసుకోదు? రెండు కాకపోతే పదంకెలు లాగుదామనే కదా మన ప్లాను!”

“ఒక్కో కంప్యూటరు ఆఖరి అంకె ఒక్కో తీరు తేల్చొచ్చు. బళేపేటల ఒకటొచ్చి దేవనహళ్ళిల ఇంకోటొస్తే నకళ్ళు కలుస్తయా? చైనే ఆగిపోతది.”

నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. ఆ బావా బావమరుదుల తగువు, వాళ్ళ మొహం కూడా చూడని ఈ మాడ్యూలుకు ముందే తెలిసినట్టుంది. వదినకు ఏమని చెప్పాలా అని ఆలోచిస్తుంటే ఆ అమ్మాయి అంది:

“అసలు భాగిచ్చుడెందుకు సార్? వేగం ఎంతనో మనకెందుకు? ఎవలది ఎక్కువనో తెలుస్తే సాలు. అడ్డ గుణకారం చేద్దాం.”

ఆ ఆలోచన నాదేనని ఈపాటికి చాలామందికి చెప్పాను. ఇది ఆమె చదివే ప్రమాదం ఉంది కాబట్టి ఇక్కడ మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మర్నాడే ఇద్దరం బళేపేట వెళ్ళాం.

“మీ దూరాన్ని వాళ్ళ టైముతో గుణిస్తాం అన్నా. వాళ్ళ దూరాన్ని మీ టైముతో గుణిస్తాం. మీ దూరమున్న లబ్ధం పెద్దదైతే మీ పక్షి వేగమైనది, లేదంటే వాళ్ళది. దూరం మీటర్లలో, టైము సెకండ్లలో. అన్నీ పూర్ణాంకాలే. చుక్క ఉండదు.”

పెద్దాయన ఖాళీ గాజుల పెట్టె మూత తిరగేసి, పెన్ను తీసి, ఏవో అంకెలు వేసుకుని చూసుకున్నాడు. మొహం వెలిగింది.

“చుక్కే లేకపోతే యాడ ఆపాల అనే మాటే లేదు కదప్పా!”

“లేదు.”

“అయితే ఆయప్ప ఒప్పుకోవాల కదా.” భార్య వైపు తిరిగాడు. “మీ తమ్మునికి చెప్పు.”

“నేనేమన్నా పావురమా, మీ ఇద్దురి మధ్య ఎగిరేదానికి?” అంది వదిన. అని, ఫోను తీసుకుని లోపలికి వెళ్ళింది. కాసేపటికి తలుపు సందులోంచి తల పెట్టి, “గుణించేదైతే సరే అంటా ఉండాడు,” అని చెప్పింది.

ఆదివారం వచ్చింది. కర్నూలులో తెల్లవారగానే పావురాలను వదిలారు. ఆ అమ్మాయి దేవనహళ్ళి గూటి దగ్గర, నేను బళేపేట డాబా మీద. పెద్దాయన నీళ్ళు కూడా తాగడం లేదు. ఎండ నెత్తికెక్కుతుండగా నా ఫోను మోగింది. “సార్, ఇక్కడ దిగింది! ఎసొంటి రాక సార్ అది! బాణం తీరు!” అంటూ ఆ అమ్మాయి కేకలు. పెద్దాయన టైము చూసుకున్నాడు, ఆకాశం చూశాడు.

నాకు ఆ పూట ప్రతి కాకీ పావురంలాగే కనిపించింది. ఒక విమానానికి కూడా లేచి నిలబడ్డాను. చివరికి ఉత్తరాన ఒక చుక్క కనిపించింది. పెద్దాయన నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ చుక్కకు రెక్కలొచ్చాయి, నీలం బూడిద రంగొచ్చింది, గిర్రున ఒక చుట్టు తిరిగి కిందికి దిగింది. గూట్లోకి కాదు. పక్కింటి నీళ్ళ ట్యాంకు మీదికి.

దిగి, ఒక రెక్క చాపి, ముక్కుతో తీరిగ్గా దువ్వుకోసాగింది. దారిలో హెబ్బాళ ఫ్లైఓవరు కింద ఆగిపోయిన కార్లను చూసి దానికీ తీరిక వచ్చినట్టుంది. మనిషి అరిస్తే పక్షి బెదిరి మళ్ళీ ఎగురుతుంది. అందుకని పెద్దాయన గింజల డబ్బా మెల్లిగా గలగలలాడిస్తూ, పళ్ళ సందులోంచి దాన్ని తిడుతున్నాడు.

“రా తల్లీ... రావే... నీ మొగమ్మండా... రా బంగారూ... పెళ్ళిచూపులకు కూర్చున్యట్ల కూర్చున్యావే నువ్వు...”

వదిన మెట్ల మీద నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఫోనులో ఆ అమ్మాయికి ట్యాంకు సంగతంతా గుసగుసగా చెప్పాను. నా చైను ఊరంతటా మేలుకుని ఉంది, కాంట్రాక్టు సిద్ధంగా ఉంది, వాటిలో ఏ ఒక్కటీ ఆ ట్యాంకు మీదికి చూడలేదు. పలక మీద కాలు పడితేనే దాని లెక్కకు పావురం వచ్చినట్టు. చివరికి ఆ మహారాణి దువ్వుకోవడం ముగించి, ఒక్క దూకు దూకి, గూటి గుమ్మంలోకి నడిచింది. పలక కీచుమంది.

ఊపిరి తీసేలోగా కాంట్రాక్టు నడిచింది. ప్రతి ఇంట్లోనూ ఒకే రెండు సంఖ్యలు. చైను ఆగలేదు, ఏ నకలూ ఎదురు తిరగలేదు. నేను డాబా మీద గంతేశాను. గంతు దిగేటప్పుడు చూశాను, పెద్దాయన లబ్ధం చిన్నది. కొంచెమే చిన్నది.

పెద్దాయన తెర వంక చాలాసేపు చూశాడు. తరవాత గాజుల పెట్టె మూత ఒకటి తెప్పించుకుని, పిట్టగోడ మీద పెట్టి, దూరాలూ టైములూ వేసుకుని, రెండు గుణకారాలూ మొదటి నుంచీ తానే చేశాడు. అయ్యాక మూత వంకే చూస్తూ ఫోను తీసి, నంబరు నొక్కి, స్పీకరు పెట్టాడు. వదిన మెట్టు మీదే కూర్చుండిపోయింది.

అవతల ఎత్తారు.

“చేతితో గుణించినావా?” అన్నాడు పెద్దాయన.

“బండి సీటు మీద పెట్టుకుని ఇప్పుడే ముగించినా బావా.”

“చదువు. మొదటి అంకె నువ్వు, రెండోది నేను.”

ఒకరొక అంకె, ఇంకొకరొక అంకె, అలా రెండు లబ్ధాలూ చివరిదాకా చదివారు. ఎక్కడా తేడా లేదు. చివరి అంకె బావమరిది చదివాడు.

“నీది గెలిచింది,” అన్నాడు పెద్దాయన.

“నీది ట్యాంకు మీద కూర్చోకుండా ఉండింటే నాది ఓడుండేది బావా. ఈ అమ్మాయి చెప్పింది.”

పెద్దాయన ఫోను మీద అరచెయ్యి మూసి నా వైపు వంగాడు. “ట్యాంకు మీద కూర్చున్నా దిగినట్టే లెక్క అని కొత్త కాంట్రాక్టు రాసేదానికి అయితాదా అప్పా?”

“క్లబ్బు ఒప్పుకుంటే ఇవాళే ఎక్కిస్తా అన్నా. ఎవరూ ఏదీ ఆపక్కర్లేదు.”

“వినపడతా ఉండాది బావా! నేను ఒప్పుకోను!”

“ఎట్ల ఒప్పుకోవో నేనూ చూస్తా!”

“రెక్కలున్నది దిగేది గూట్లోకి! ట్యాంకు మీదికి కాదు!”

వదిన అప్పటికే లేచి మెట్లు దిగుతోంది. సగంలో ఆగి, డాబా మీదికి తల ఎత్తి అరిచింది.

“ఆ కొట్లాటేదో ఈడికొచ్చి సంగటి తింటా కొట్లాడుకోండి! ఆ అమ్మాయిని కూడా బండి మీద కూర్చోబెట్టుకొని రమ్మను!”