గుర్రానికి లేని నొప్పి

ఒక అబద్ధాన్ని చాలా ఏళ్లుగా మోస్తున్నాను. దానితోనే ఆరాధనకు వెళతాను, దానితోనే మోకరిస్తాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

గుర్రాలకు లాడాలు కొట్టడం నా పని. కార్ఖానా బస్తీలోని మా క్రైస్తవ సంఘానికే వచ్చే ఒక అమ్మాయి పోలో ఆడేది. మా దగ్గర అంతవరకు ఏ ఆడమనిషీ ఆ ఆటను జీతానికి ఆడలేదు. ఒక పోటీ ఫైనల్లో ఆమె ఆట చూడటానికి ఒక జట్టు యజమాని వస్తున్నాడు. నచ్చితే జట్టులోకి తీసుకుంటాడు. ఆ ఫైనల్ ఆదివారం పడింది. ఆదివారం దేవునిదని, ఆ రోజు ఆటకు వెళ్లడం పాపమని నేను గట్టిగా నమ్మేవాణ్ణి, ఆమెకూ అదే చెప్పాను. ఆమె మాత్రం పొద్దున ఆరాధనకు వచ్చి సాయంత్రం ఆడతానంది.

ఆమెకున్నది ఒకటే గుర్రం. అరువిచ్చేవారు లేరు. శనివారం దాని కాలు ఎత్తి చూశాను. ఏ లోపమూ లేదు.

"కాలు వేడిగుంది చెల్లే. రేపు దింపకు," అన్నాను.

"ఏందన్నా, పొద్దుగాల గాలి లెక్క ఉరికింది గద! జెర మంచిగ చూడు."

"చూసిన. ఆడిస్తే కుంటిదైతది. ఇగ నీ ఇష్టం."

"నీ నోట్ల ఎన్నడన్న మంచి మాట వస్తదా?" అని నవ్వబోయి ఆగింది. గుర్రం మెడ నిమిరింది. "దీన్ని కుంటిదాన్ని చేసి నేను ఆడేదేంది. వద్దు తియ్."

యజమాని ఇంకొకరిని తీసుకున్నాడు. ఆమెకు అలాంటి అవకాశం మళ్లీ రావడానికి ఏళ్లు పట్టింది. ఇప్పుడు ఆమెను చూసి అమ్మాయిలు గుర్రమెక్కడం నేర్చుకుంటున్నారు. దానితో నా తప్పు చిన్నదవుతుందా? ఆదివారాన్ని కాపాడటానికి అబద్ధమాడినవాడు దేన్ని కాపాడినట్టు? అసలు నా కోపం ఆదివారం గురించేనా, లేక లేఖనాలు నాకంటే తక్కువ చదివిన ఒక అమ్మాయి నా మాటను లెక్క చేయలేదనా? చాలాకాలం ఈ ప్రశ్నను దగ్గరికి రానివ్వలేదు, ఎందుకంటే రెండోదే నిజమని నాకు తెలుసు.

తర్వాత ఆమె సంఘంలో లేచి సాక్ష్యం చెప్పింది. ఆ రోజు ఆడి ఉంటే గుర్రం పడిపోయేదని, అన్న నోట దేవుడే తనను ఆపాడని. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. సంఘానికి కొత్తగా వచ్చినవాళ్లకు ఇప్పటికీ ఆ సాక్ష్యం చెబుతూనే ఉంటుంది.

నిజం చెబితే ఆటతో పాటు ఆ కృతజ్ఞతను కూడా లాక్కున్నవాణ్ణవుతాను. చెప్పకపోతే నా అబద్ధం దేవుని పేరు మీద నడుస్తూ ఉంటుంది. ఆమెకు ఇంకా చెప్పలేదు. చెబుతానని మాట కూడా ఇవ్వను.

ఆ రోజు ఆమెను ఆపింది దేవుడు కాదు, నేను. ప్రార్థనలో కూడా ఇంత సూటిగా ఎన్నడూ అనలేదు. ఇప్పుడు అన్నాను.