వాచీ పెట్టుకుంటే టీచరు

పొద్దున గిన్నెలు తోమిన చేతులు తుడుచుకుని ఆవిడ వాచీ పెట్టుకుంటుంది. ఆ ఇంట్లో బడిగంట అదే. వాచీ ఉన్నంతసేపూ పిల్లలకి టీచరు, తీసేస్తే అమ్మ. ఆ నియమం తనే పెట్టింది. భోజనాల బల్ల మీద ఒక పక్క లెక్కల పుస్తకం, ఇంకో పక్క తరగాల్సిన కూరలు. "ప్రభువా, నాకు ఓపిక ఇవ్వు" అని మొదలుపెట్టిన ప్రార్థన ఆమేన్ దాకా రాకముందే కుక్కర్ కూస్తుంది, ఆవిడ లేచి పరిగెడుతుంది, ఆ సందులో చిన్నాడు బల్ల కింద దూరతాడు. "బళ్లో వేయక, కొరివితో తల గోక్కుంటావెందుకమ్మా?" అంటుంది అత్తగారు. "దేవుడు నాకప్పగించిన పిల్లలు, నేనే చెప్పుకుంటాను" అని గట్టిగానే జవాబిస్తుంది. కాసేపటికి ఆ నోటితోనే ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది.

ఆవేళ కూతురికి భాగహారం ఎంతకీ తలకెక్కలేదు. చెప్పి చెప్పి ఆవిడ గొంతు బొంగురుపోయింది. "నీ బుర్రలో ఉన్నది మట్టా?" అని పెన్సిలు బల్లకేసి కొట్టింది. పిల్ల కన్నీళ్లు దిగమింగుకుని చెయ్యెత్తింది.

"టీచర్, ఒక్కసారి వాచీ తీస్తారా? మా అమ్మతో మాట్లాడాలి."

కోపం ఇంకా దిగలేదు. అయినా నియమం నియమమే కదా, విసురుగా తీసి బల్ల మీద పడేసింది. పిల్ల వచ్చి ఒళ్లో కూర్చుంది.

"అమ్మా, మా టీచరు రోజూ ఓపిక కోసం ప్రార్థన చేస్తుంది. పాపం, ఒక్కతే చేస్తుంది. ఇవాళ మనం కూడా చేద్దామా?"

ఆవిడ కళ్లు మూసుకుంది. కుక్కర్ కూసింది. లేవలేదు.