పన్నెండో నెల

పదకొండు నెలలుగా ఎవ్యాతర్ ఎక్కడికీ వెళ్ళలేదు. ఇజ్రాయెల్ దక్షిణాన బేయెర్షేవాలో హాస్టలు, క్లాసు, హాస్టలు వెనక రేకుల కప్పు ప్రార్థనాలయం. ఏడాదంతా ఆ మూడింటి మధ్యే ఇసుకలా జారిపోయింది. రోజుకు మూడు పూటలా ప్రార్థనకు నిలబడి, యూదుల ఆచారం ప్రకారం చనిపోయిన తండ్రి కోసం కద్దీష్ అనే స్తోత్రం చెప్పాలి. పదిమంది మగవాళ్ళు చేరితేనే చెప్పాలి. ఒక్కడు తగ్గినా ఆ మాటలు నోట్లోనే ఉండిపోవాలి. సముద్రానికి పోదామన్నా, ఎడారిలో గుడారం వేద్దామన్నా అతను ఒకటే అడిగేవాడు.

"అక్కడ పదిమంది ఉంటారా?"

అందుకే వేసవి చివర, యూదుల పంచాంగంలోని ఎలూల్ నెలలో, పరీక్షలయ్యాక, స్నేహితుడు ఎల్దాద్ ఉత్తరాన కొండ మీది త్సఫత్ మాట ఎత్తాడు.

"ఒరేయ్, ఆ ఊరంతా గడ్డాలే. మెట్టుకి పదిమంది. నువ్వు కళ్ళు మూసుకుని నడిచినా పోయి పోయి ప్రార్థనలోనే పడతావ్."

"నేను కొవ్వొత్తులు కొనుక్కుంటా," అంది వాళ్ళతో చదివే షిమ్రిత్. కారు ఆమె తల్లిది, నడిపేదీ ఆమే. "వీడు దేవుడి సంగతి చూసుకుంటాడు. మరి నువ్వేం చేస్తావ్?"

"తింటా. ముగ్గురిలో ఒకడైనా తినాలి కదా."

శుక్రవారం పొద్దున్నే బయల్దేరారు. ఉత్తరానికి పోయేకొద్దీ కొండలు ఆకుపచ్చగా ముడుచుకున్నాయి. వెనక సీట్లో ఎవ్యాతర్ జేబులోని కాగితాన్ని తడుముకున్నాడు. సమాధి దగ్గర, తండ్రి పక్కింటాయన తన చేతిలో పెట్టిన కాగితం అది. పెద్ద అక్షరాలతో కద్దీష్. మడతలు చిరిగితే టేపు అంటించాడు. ఇప్పుడు చూడనవసరం లేదు, అయినా ఉండాలి. దాని వెనక తన రాత: 'తిష్రీ ఐదు వరకు'. కద్దీష్ ఆపాల్సిన గడువు, వచ్చే నెలలో. ఇంకా రెండు వారాలు మిగిలాయి. సీసా అడుగున మిగిలిన తేనెని చూసినట్టు ఆ రెండు వారాలనీ చూసుకుంటున్నాడు.

తండ్రి పేరు నహూమ్. హైఫాలో లిఫ్టులు బాగుచేసేవాడు. ఎవ్యాతర్‌కి ఎనిమిదేళ్ళప్పుడు తల్లి విడాకులు తీసుకుని, పిల్లాణ్ణి వెంటబెట్టుకుని దక్షిణాన కిబ్బుట్జ్ అనే ఉమ్మడి సేద్యపు పల్లెకి వెళ్ళిపోయింది. నహూమ్ ఒంటరితనంలో భక్తిలో పడ్డాడు. ప్రతి శుక్రవారం సాయంత్రం, సబ్బాతు విశ్రాంతి మొదలై కొవ్వొత్తులు వెలిగించే వేళకు ముందు ఫోన్ చేసేవాడు. కొడుకు చాలాసార్లు ఎత్తేవాడు కాదు. ఒకసారి ఎత్తితే తండ్రి నవ్వుతూనే అన్నాడు, "నాకు కద్దీష్ చెప్పేవాడు ఉన్నాడో లేడో కనుక్కుందామని చేశాన్రా."

"లేడు," అని కొడుకు ఫోన్ పెట్టేశాడు.

ఆ తర్వాత రెండేళ్ళకు హెష్వాన్ నెల ఐదో తేదీన నహూమ్ పనిలో ఉండగానే, ఒక మేడ మెట్ల మీద, గుండె ఆగి పోయాడు. 'లేడు' అన్న ఆ ఒక్క మాటను వెనక్కి తీసుకోవడానికే కొడుకు పదకొండు నెలలుగా తెల్లవారకముందే లేస్తున్నాడు.

త్సఫత్‌లో గాలి చల్లగా ఉంది. సందుల్లో నీలం తలుపులు ఆకాశానికి వేసిన మాసికల్లా ఉన్నాయి. మధ్యాహ్నం దాటాక ఎల్దాద్ వేడివేడి అట్టులో జున్ను చుట్టించుకుని మెట్ల మీద కూలబడ్డాడు. షిమ్రిత్ కొవ్వొత్తుల దుకాణంలోకి వెళ్ళింది. ఎవ్యాతర్ కనబడిన మొదటి ప్రార్థనాలయంలోకి దూరాడు. ప్రార్థన చివర ముందుకు అడుగు వేసి కద్దీష్ చెప్పాడు. ఎక్కడా తడబడలేదు. పదిమందీ ఆమెన్ అన్నారు.

పుస్తకాలు సర్దుతున్న ముసలాయన దగ్గరికి వచ్చాడు. జుస్మాన్ ఆయన పేరు. ఆ ప్రార్థనాలయం తాళాలు యాభై ఏళ్ళుగా ఆయన దగ్గరే ఉన్నాయి.

"ఎవరికి నాయనా?"

"మా నాన్నకి."

"ఎప్పుడు పోయాడు?"

"కిందటి హెష్వాన్ ఐదున. వచ్చే తిష్రీ ఐదుకి పదకొండు నెలలూ నిండుతాయి."

జుస్మాన్ బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద నడిచింది. ఆగింది. మళ్ళీ మొదటినుంచి నడిచింది. చేతిలో పుస్తకాన్ని మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"ఈ ఏడు రెండు అదార్లు వచ్చాయి బాబూ."

ఎవ్యాతర్‌కి తెలియక కాదు. వసంతం పండగ చలికాలంలోకి జారిపోకుండా కొన్నేళ్ళకోసారి పంచాంగంలో అధికమాసం వస్తుంది. అదార్ తర్వాత మళ్ళీ అదార్. మొదటి దానిలో వానలు, రెండో దానిలో పండగకి వేషాలేసుకున్న పిల్లలు, అన్నీ అతను చూశాడు. కానీ సమాధి పక్కన నిలబడి నెలల పేర్లు చదువుకున్న రోజున అదార్ అనే పేరు ఒక్కసారే పలికాడు.

"నీ పదకొండు నెలలూ ఎలూల్ నాలుగుకే అయిపోయాయి. ఇవాళ ఇరవై."

ఎవ్యాతర్ బల్ల అంచు పట్టుకున్నాడు. పదకొండే ఎందుకో పక్కింటాయన ఆ రోజే చెప్పాడు. పరమ పాపాత్ముడికైనా పైలోకంలో శిక్ష పన్నెండు నెలలేనట. మా నాన్నకి అంత అవసరం లేదని చెప్పినట్టుగా కొడుకు పదకొండుతో ఆపేస్తాడు. పన్నెండో నెలలోనూ చెబితే, తండ్రి పాపాత్ముడని కొడుకే నలుగురిలో నిలబడి చాటినట్టు.

"పదహారు రోజులు," అన్నాడు. "రోజుకి మూడుసార్లు."

"పైవాళ్ళకి ఆ మాత్రం తెలీదంటావా? నీకు నెలలు లెక్కపెట్టడం రాదని నవ్వుకుని ఉంటారు."

"అయితే ఆ మిగిలిన రెండు వారాలూ చెప్పనివ్వండి తాతా. ఎలాగూ తప్పయింది."

"తెలియక చెప్పింది వేరు. తెలిసి చెప్తానంటే నేను ఆమెన్ అనను." ముసలాయన అతని ముఖంలోకి చూశాడు. "నాన్న మంచివాడేనా?"

ఎవ్యాతర్ జేబులోని కాగితాన్ని వేలితో నొక్కాడు.

"తెలీదు."

"తెలియకపోతే మంచివాడే అనుకోవాలి. ఆపెయ్ నాయనా."

ఆ సాయంత్రం సబ్బాతు భోజనం దగ్గర అతను స్నేహితులకు చెప్పాడు. ఎల్దాద్ రొట్టె తుంచుతూ, "మంచిదేగా. రేపట్నుంచి సముద్రానికి రావచ్చు," అన్నాడు. షిమ్రిత్ బల్ల కింద వాణ్ణి తన్నింది.

"తన్నకు. వాడన్నది నిజమే," అన్నాడు ఎవ్యాతర్. వేళ్ళ మీద లెక్కేసి, "ఎలూల్ నాలుగో తేదీ బుధవారం. పొద్దున ఏం చేశానో గుర్తు రావట్లేదు," అన్నాడు.

"ఆ రోజు మనకి లెక్కల పరీక్షరా," అంది షిమ్రిత్. "నువ్వు బూట్ల తాళ్ళు కూడా కట్టుకోకుండా పరిగెత్తుకొచ్చావు."

అంటే ఆ పొద్దున వీడ్కోలు కద్దీష్‌ని సూత్రాలు వల్లెవేసుకుంటూ చెప్పి ఉంటాడు. చివరి ఆమెన్ వినకుండానే బయటపడి ఉంటాడు. ఆ రోజు మిగతా పూటలదీ అదే గతి. తండ్రి చివరిసారి అతని చేయి పట్టుకున్నట్టు. ఆ క్షణాన అతను వాచీ చూసుకుంటున్నట్టు. ఎవ్యాతర్ రొట్టెను పళ్ళెంలో వదిలేశాడు. ఎల్దాద్ గ్లాసులో నీళ్ళు పోసి అతని ముందుకు జరిపాడు.

శనివారం మధ్యాహ్నం ఒక్కడే శ్మశానం వాలు దాకా నడిచాడు. ఎదురుగా మెరోన్ కొండ పొగమంచులో తేలుతోంది. సమాధులకు పూసిన నీలిరంగు మధ్య కూర్చుని, మంచివాడేనా అన్న ప్రశ్నను మళ్ళీ మళ్ళీ తిరగేశాడు. దొరికిన జ్ఞాపకం ఒక్కటే. అప్పుడతనికి తొమ్మిదేళ్ళు. నాన్నని చూడ్డానికి వచ్చి, హైఫా బస్టాండులో సంచి ఒళ్ళో పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నాడు. అంతసేపూ నాన్న రాలేదు. వచ్చాక, చేతులకు నల్లటి గ్రీజుతో, "ఒక ముసలావిడ లిఫ్టులో ఇరుక్కుపోయిందిరా. లోపల చీకటి. కబుర్లు చెబుతూ తలుపు దగ్గరే కూర్చున్నా," అన్నాడు. ఆ మాట అతను ఏనాడూ నమ్మలేదు. ఇన్నేళ్ళూ ఆ జ్ఞాపకంలో బస్టాండు మాత్రమే ఉండేది. ఇవాళ మొదటిసారి ఆ లిఫ్టు కనబడింది. అందులో భయపడుతున్న ఎవరో ఒకావిడ, తలుపుకు చెవి ఆనించిన నాన్న. నిజమో కాదో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరిక.

పొద్దు వాలుతుండగా ప్రార్థనాలయానికి వెళ్ళాడు. జుస్మాన్ తలెత్తి చూసి, మళ్ళీ పుస్తకంలోకి దించుకున్నాడు. ప్రార్థన చివరికి వచ్చింది. అలవాటుకొద్దీ ఎవ్యాతర్ అడుగు ముందుకు పడింది. అదే సమయానికి అటు చివర ఒక లావుపాటి మనిషి కద్దీష్ చెప్పడానికి లేచాడు. ఎర్రబడ్డ కళ్ళు, చేతిలో తెరిచిన పుస్తకం. మొదటి వాక్యంలోనే, సరిగ్గా తండ్రి సమాధి దగ్గర ఎవ్యాతర్ తడబడిన మాట మీదే, తడబడ్డాడు.

ఎవ్యాతర్ పెదవులు కదలబోయాయి. ఆ మాటలు గొంతు దాకా వచ్చి తలుపు తట్టాయి. అతను పెదవులు బిగించి, ముందుకు వేసిన అడుగును వెనక్కి తీసుకున్నాడు. తోటివాళ్ళ మధ్య, గోడ పక్కన, ఏమీ చెప్పనక్కరలేని కొడుకుల వరసలో నిలబడ్డాడు.

ఆ మనిషి వాక్యం ముగించి, ఎవరైనా ఉన్నారా అన్నట్టు ఆగాడు.

"ఆమెన్," అన్నాడు ఎవ్యాతర్.