సగం కెలికిన సంగటి: డెంకణికోట దాటాక ఒక ఆదివారం

ఈ ప్రయాణం సేవాభావంతో మొదలవలేదు, కోపంతో మొదలైంది. మాది మదనపల్లె, హోసూరులో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాను. హాస్టల్లో పక్క మంచం పిల్ల ఒకరోజు ఒక వీడియో చూపించింది. ఎవరో ఒక ముసలాయన చేతిలో బియ్యం సంచి పెట్టి, ఆయన నవ్వేదాకా కెమెరా తీయలేదు. ఒళ్ళు మండిపోయింది. తిట్టి ఊరుకోవడం చేతగాక, ఒంటరిగా ఉండే వృద్ధుల ఇళ్ళకు వెళ్ళి బాగోగులు చూసే ఒక చిన్న సంస్థలో చేరాను. బీపీ మిషన్ వాడటం నాకెవరూ నేర్పలేదు. ఫోన్లో చూసి, హాస్టల్ వంటామె చేతి మీద నేర్చుకున్నాను. మీలో ఎవరైనా ఈ పనికి బయలుదేరాలనుకుంటే, మొన్నటి ఆదివారం ఏం జరిగిందో చదివి వెళ్ళండి.

పొద్దున ఏడింటికి హోసూరు బస్టాండులో డెంకణికోట బస్సు ఎక్కాను. మత్తిగిరి మీదుగా గంట ప్రయాణం. టౌన్ బస్సులో ఆడవాళ్ళకు టికెట్ లేదు. మగవాళ్ళు చిల్లర దగ్గరుంచుకోండి. డెంకణికోటలో దిగి, బస్టాండు ఎదుట ఇడ్లీ, టీ కానిస్తే నలభై రూపాయల్లో అయిపోయింది. ఇడ్లీలు వేసే అమ్మ నా సంచిలోకి తొంగి చూసింది.

"యాడికి పోతావు పాపా? డాక్టరమ్మవా?"

"కాదమ్మా. అడివి పక్క ఊర్లలో ముసలోళ్ళని చూసేకి పోతా ఉండాను."

"రాగులు కోతకొచ్చినాయి, ఏనుగులు దిగినాయంట. పొద్దుండంగానే వచ్చెయ్యి."

మామూలుగా అక్కడి నుంచి షేర్ ఆటోలో వెళ్తాను. ఆ రోజు మా సంస్థవాళ్ళు కృష్ణగిరిలోని ఒక వృద్ధాశ్రమం వ్యాను అడిగి తెచ్చారు. తెల్ల వ్యాను, ఏసీ కూడా ఉంది. నేనూ సంబరపడే ఎక్కాను. డ్రైవరు మునిరాజన్నది ఆ పక్క ఊరే. వ్యాను వచ్చేసరికే మధ్యాహ్నమైంది, దారీ బాగోలేదు. మొదటి రెండిళ్ళు చూసేసరికే పొద్దు వాలింది. చివరిదైన ఎల్లమ్మవ్వ గది దగ్గర బండి ఆగేసరికి నాలుగు దాటింది.

ఎల్లమ్మవ్వకు డెబ్బై దాటాయి. ఎవరూ లేరు. ఒక రైతు రాగిచేనుకు కాపలా ఉంటుంది, చేను గట్టునే ఆమె గది. ఇదివరకు ఆటోలో వచ్చినప్పుడల్లా తిట్టి మరీ మజ్జిగ పోసేది. ఈసారి పిలిస్తే పలకలేదు. తలుపు బార్లా తీసి ఉంది. పొయ్యి మండుతోంది. పొయ్యి మీద సంగటి కుండ, అందులో నిలువునా తెడ్డు. సంగటి కెలుకుతూ మధ్యలో ఎవరు లేస్తారు?

కుండ దించి బయటికి వస్తే, పక్కింటి రత్నమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఈ బండేసుకోని ఎందుకొచ్చినారమ్మా? పోయిన నెల మా ఊరి గురప్ప తాతని ఆసుపత్రికని దీంట్లోనే ఎక్కించుకోని పోయినారు. కిష్ణగిరి ఆశ్రమంలో పెట్టినారంట, మళ్ళా రాలేదు. అవ్వ ఈ బండిని చూస్తానే చేన్లోకి ఉరికింది."

"యా పక్కకి?"

ఆమె చెయ్యి అడివి వైపు చూపించింది.

"హారన్ కొట్టేదా అమ్మా?" అన్నాడు మునిరాజన్న.

"కొట్టన్నా! ఇంకా లోపలికి ఉరకనీ!" అని కసిరాను. పాపం, ఆయన తప్పేముంది.

గట్టు మీద నడిచాను. కొంతదూరం పోయాక రాగి వెన్నులు రోట్లో వేసి దంచినట్టు నలిగి ఉన్నాయి. ఏనుగు లద్దెలు ఇంకా తడిగా ఉన్నాయి. అవ్వకు వినబడాలంటే గట్టిగా పిలవాలి. గట్టిగా పిలిస్తే ఇంకెవరికి వినబడుతుందో తెలియదు. "అవ్వా... అవ్వా..." అని నా గొంతు నాకే వినబడనంత మెల్లగా పిలిచాను. చెట్లలో పెద్ద కొమ్మ విరిగింది. వెనక్కి తిరిగి పారిపోబోయాను.

అప్పుడు నెత్తి మీద డబ్బా మోగింది. ఢణఢణఢణ. మంచె మీద ఎల్లమ్మవ్వ, చేతిలో నూనె డబ్బా, కట్టె. చెట్లలో ఏదో బరువుగా కదిలి దూరమైంది. ఆమె అటు చూడనే లేదు, నన్నే చూస్తోంది.

"అవ్వా, దిగు! ఏనుగులుండాయి!"

"ఏనుగొస్తే డబ్బా కొడితే పోతాది. మీరొస్తే ఏం కొడితే పోతారే?"

సంచి కింద పెట్టి, ఖాళీ చేతులు చూపించాను.

"నిన్ను తీసకపోయేకి రాలేదవ్వా. ఒట్టు."

"గురప్పకీ అట్లనే ఒట్టు పెట్టినారు. ముందు బండిని పొమ్మను."

మునిరాజన్నకు ఫోన్ చేసి, మెయిన్ రోడ్డుకు పోయి ఉండమన్నాను. బండి చప్పుడు పూర్తిగా వినబడకుండా పోయేదాకా అవ్వ నిచ్చెన మీద కాలు పెట్టలేదు. అంతసేపూ నేను మంచె కిందే నిలబడ్డాను.

గదిలో కుండ చూసి తిట్టింది. "ఉండలు కట్టింది. నీ వల్లే. నువ్వే తిను." తిన్నాను. బీపీ చూస్తే చాలా ఎక్కువుంది. అది వయసు వల్లనా, మా బండి వల్లనా? మిషన్ చెప్పదు. ఆసుపత్రిలో చూపించుకోవాలంటే చెయ్యి లాక్కుంది.

"వచ్చే ఆదివారం ఆటోలో పోదాం. నేనే తీసకపోయి, నేనే తెచ్చి ఈడ దింపుతా," అన్నాను.

"తెచ్చి దింపుతావా?" మూడుసార్లు అడిగి గానీ సరే అనలేదు. చీకటి పడకముందే రత్నమ్మ భర్త నన్ను బైకు మీద రోడ్డుకు చేర్చాడు.

ఆ ఆశ్రమం మంచిదే కావచ్చు. కానీ గురప్ప తాతను వస్తావా అని ఎవరైనా అడిగారా? ఈ వారం ఆ ప్రశ్న మా సంస్థలో, ఆశ్రమంలో అందరినీ అడిగి తిట్లు తిన్నాను, ఇంకా అడుగుతాను. భద్రంగా ఉన్నారో లేదో చూడటానికి వెళ్ళి, ఒక ముసలామెను ఏనుగుల వైపు తరిమాం. అడివిలో కొమ్మ విరిగిన చప్పుడు ఇప్పటికీ నిద్రలో వినబడుతోంది. అంతకంటే ఎక్కువగా, మంచె మీద నుంచి నన్ను చూసిన ఆ చూపు భయపెడుతోంది.

వెళ్ళేవాళ్ళకు ఒక్కటే మాట: బండి మెయిన్ రోడ్డు మీదే ఆపండి. నడిచి వెళ్ళండి, దూరం నుంచే మీ పేరు చెప్పి పిలవండి. మీరు ఇల్లు చేరేలోపు, తలుపు తీయాలో వద్దో తేల్చుకునే సమయం వాళ్ళకు ఉండాలి.