మాట దాటని గోడ

మొన్న పలాసలో ఒక పాత జీడిపప్పు ఫ్యాక్టరీకి ప్యానెల్ బోర్డు మార్చడానికి వెళ్లాను. ఆ గదిలో ఉన్నవి: నేను, నిచ్చెన, డ్రిల్లు, పొట్టు తీసే మూడు యంత్రాలు, వాటిని చూసుకునే ఇద్దరు ఆడవాళ్లు, తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, దాని మీద మా మావయ్య బిగించిన పాత ప్యానెల్. ప్యానెల్ మారుస్తాను గాని గోడను తొలవనని యజమానికి ముందే చెప్పాను.

నేను డిప్లొమా అయ్యాక మావయ్య దగ్గర పనికి కుదిరిన రోజుల్లో ఇక్కడ ఈ యంత్రాలు లేవు. సంతబొమ్మాళి వైపు నుంచీ ఉద్దానం ఊళ్ల నుంచీ ఆటోల్లో వచ్చిన ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్లు నేల మీద బారులు తీరి కూర్చుని పప్పుకు పొట్టు తీసేవారు. గోడకు అవతల జీడిపిక్కల తొక్కలు పోసే గది. ఆ తొక్కలోని నూనెకు నిప్పంటుకుంటే ఏమవుతుందో మన ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కరలేదు. అందుకే మంటను ఆపేలా ఆ గోడ కట్టారు. తీరా ప్యానెల్ బయటికి ఉంటే తోపుడుబండ్లు తగులుతాయని యజమాని అందులోనే గూడు తొలిపించి, ప్యానెల్ దానిలో పెట్టమన్నాడు. గూడు వెనక మిగిలింది పలచటి వరస, అందులోనూ అవతలికి పోయే వైర్ల పైపుల కన్నాలు.

మావయ్య పెట్టనన్నాడు. పప్పు ఆరబెట్టే డ్రయ్యరుకు కరెంటు రానిదే పని లేదు గనక, ఆ ఆడవాళ్లకు పెద్ద దిక్కు, నాకు వరసకు పిన్ని అయిన ఆవిడ నడుం మీద చేతులు వేసుకుని వచ్చింది.

"ఏటి బావా, గూడు తవ్వీసారు, పెట్టె తెచ్చీసావు, ఇంకా ముహూర్తం సూత్తన్నావేటి?"

మావయ్య వాదించలేదు. గూట్లో చెవి పెట్టమని చెప్పి, చుట్టూ తిరిగి తొక్కల గదిలోకి వెళ్లి, మామూలు గొంతుతోనే పలకరించాడు.

"మరదలా, వినబడతందేటి?"

"పక్కన కూకుని సెప్పినట్టుంది బావా."

"మాటొచ్చిన కన్నంలోంచి మంట రాదేటి?"

పిన్ని గూట్లోంచి తల బయటికి తీసింది. తర్వాత తనవాళ్లను కేకేసింది. వాళ్లు చేతికి చేయి అందించిన ఇటుకలతోనే మేస్త్రి గూడు పూడ్చాడు. మేము ప్యానెల్‌ను గోడ మీదే బిగించి, బండ్లు తగలకుండా ముందు ఇనుప కడ్డీల అడ్డం వేసి, పైపుల చుట్టూ నిప్పు ఆపే మందు నింపాము. మావయ్య మళ్లీ అవతలికి వెళ్లి గొంతు చించుకున్నాడు.

ఆయన తిరిగొచ్చాక పిన్ని అంది: "ఇంక నువ్వు తిట్టినా నాకు వినబడదు బావా, ఆ సుఖం సాలు."

మరుసటి వేసవిలో ఒక మధ్యాహ్నం మేము ఆవరణలో డ్రయ్యరు మోటారు బాగుచేస్తుండగా తొక్కల గది అంటుకుంది. నేను పరుగున వెళ్లి పొట్టు తీసే గది తలుపు తీసేసరికి ఆడవాళ్లు ఎవరి పెళ్లి గురించో నవ్వుకుంటున్నారు. గోడకు అవతల మంట ఉన్నట్టే తెలియదు. పళ్లేలు వదిలేసి ఆవరణ వైపు తలుపున నడిచి బయటికి వచ్చారు. అవతలి గది కప్పు కూలింది. గోడ వేడెక్కింది గాని బీట వారలేదు.

మోకాళ్ల నొప్పులతో మావయ్య ఇప్పుడు పనులకు రావడం లేదు. మొన్న కొత్త ప్యానెల్ బిగించాక, అలవాటు కొద్దీ అవతలి గదిలోకి వెళ్లి ఒక కేక వేశాను. ఇవతల ఉన్న ఇద్దరిలో గోడకు చెవి ఆనించేవాళ్లు ఎవరూ లేరు, ఉన్నది యంత్రాల హోరే.

తొక్కల గది అంటుకున్న ఆ మధ్యాహ్నం, ఆవరణలో ఎండలో నిలబడి, పిన్ని వేలు చూపిస్తూ తనతో కలిపి తన మనుషుల్ని లెక్కపెట్టుకుంది.

ముప్పై ఎనిమిది.