మట్టి అంటిన మొదళ్లు

ఆ వీధిలో బట్టలు కుట్టే ఆవిడను అందరూ మట్టత్త అనేవాళ్లు. వానలు పడగానే వీధి చివరి తోపులో పుట్టగొడుగులు ఏరుకొచ్చేది. శుభ్రంగా కోసి తేవచ్చుగా? తేదు. పుల్లతో మొదలంటా పెళ్లగించి, మట్టితో సహా తెచ్చి వంటింట్లో గుమ్మరించేది. బుట్టలో కూరకంటే మట్టే ఎక్కువని ఇరుగుపొరుగు ఆటపట్టిస్తే మూతి ముడిచేదే కానీ, ఎందుకలా తెస్తుందో చెప్పేది కాదు. మొండిమనిషి మరి.

కొత్త కోడలికి అత్త అంటే ప్రాణం. ఆ మట్టంతా ఊడ్చుకునే ఆవిడ నడుముకు కాస్త విశ్రాంతి దొరుకుతుందని, ఓ ఉదయం తనే తోపుకు వెళ్లింది. ఒక్కోదాన్నీ కాడ దగ్గర చాకుతో కోసి, కడిగి, కూర వండింది.

అత్త మిషను దగ్గర్నుంచి లేచొచ్చేసరికి కొడుకు కంచం ముందు కూర్చున్నాడు, ఇంకా ముద్ద కలపలేదు. వంటింటి నేల అద్దంలా ఉంది. ఆవిడ మూలమూలా వెతికింది.

"మొదళ్లేవమ్మా?"

"అక్కడే వదిలేశానత్తయ్యా. మీకు ఊడ్చే పని తప్పుతుందని."

"ఉప్పు చూశావా?"

"లేదు. మొదట మీరిద్దరూ తినాలని."

అత్త కొడుకు ముందున్న కంచం లాగేసి, కూరంతా చెత్తలో బోర్లించింది. కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. పాపం, ఎంత ముచ్చటపడి వండిందో. అత్త ఆమె చెయ్యి పట్టుకుని తోపుకు తీసుకెళ్లింది.

తెగిన మొదళ్లు మట్టిలో అలాగే ఉన్నాయి. అత్త ఒక్కోటీ తవ్వి చూసింది. ఇది మంచిదే. ఇదీ మంచిదే. కోడలి ముఖం ఇంకా ముడుచుకునే ఉంది. చెట్టు మొదట్లో ఉన్నదాన్ని పెళ్లగించేసరికి, కాడ అడుగున పగిలిన గుడ్డుపెంకు లాంటి తెల్లటి తొడుగు బయటపడింది. ఆ తొడుగే విషానికి గుర్తు. పైకి మాత్రం మిగతావాటిలాగే ఉంటుంది. ఎంత ఉడికించినా ఆ విషం చావదు.

"మా చెల్లి ఇదే తింది," అంది అత్త. "వాంతులయ్యాయి, తగ్గాయి. ఆకలేస్తోందంది, జడ వెయ్యమంది. గండం గడిచిందనుకుని ఆస్పత్రికి తీసుకెళ్లలేదు. లోపల కాలేయం పాడైపోతోందని మాకేం తెలుసు? నేనేసిన జడతోనే పోయింది. మళ్లీ ఎవరి జడా ముట్టుకోలేదు."

కోడలు అత్త భుజంమీద తల ఆన్చి ఏడ్చింది.

తర్వాతి వానకు కోడలు బుట్టెడు మట్టితో వచ్చి, వంటింటి మధ్య గుమ్మరించి, ఒక్క మొదలూ వదల్లేదని చూపించింది. చెట్ల కొమ్మలు తగిలి జుట్టంతా రేగిపోయింది. అత్త అన్నీ తిప్పి చూసి, చేతులు కడుక్కుని, దువ్వెన అందుకుంది.

"ఇటు తిరుగమ్మా," అంది. "జడ వేస్తాను."